మడమ త్రాడు - మెట్టు మెట్టుగ బలము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో భారతమును గూర్చియో, వసుచరిత్రమును గూర్చియో మాటాడుమని కార్యదర్శిగారు మొదట నన్నడిగిరి. ఆ గ్రంథములను నేను ఏ గురువు కడను చదివినవాడను గాను. ఈ గ్రంథాలయపు బీరువా కడనే చదివితిని. కనుక ఆ ఋణము తీర్చుట న్యాయమే. కాని గడచిన యేడాది నేను వ్రాసిన లెక్కలలో నాకు మిక్కిలి తృప్తి నిచ్చినది ఒక మడమను గూర్చిన లెక్క. దానినే మనవి చేసెదనని కోరగా వారు నవ్వి యొప్పుకొనిరి.

నేను వైద్యుడను గాను. మా పెద్దలు కరణములు. 1984లో ఆ పదవులు రద్దైన పిదప మా యింట మిగిలినవి దస్త్రముల పెట్టెయు, లెక్క తప్పనీయని యలవాటును మాత్రమే. నేడు నేను సహకార సంఘపు లెక్కలు వ్రాసి జీవించుచున్నాను. ఇచట నేను చెప్పబోవునది కొంత వైద్యుల నోట విన్నది, కొంత పుస్తకములలో చదివినది, కొంత నా చేతితో నోటుపుస్తకమున వ్రాసినది.

అందఱును ఒకసారి వంగి, మడమకు వెనుక, చీలమండకు కొంచెము మీదుగా రెండు వ్రేళ్లతో పట్టి చూడుడు. త్రాడువలె బిగువుగా తగులునది యొకటి కలదు. మనవారు దానిని గుదికాలి నరమందురు. నిజమునకది నరము గాదు. పిక్కలో రెండు కండలున్నవి. పైది మోకాలికి మీదినుండి పుట్టి వచ్చును. దాని చాటుననున్న రెండవది మోకాలికి దిగువనే పుట్టును. రెండును క్రిందికి దిగి యేకమై యీ త్రాడగును. సుమారు 15 సెంటీమీటర్ల పొడవు గల యీ త్రాడు పోయి మడమ యెముకను పట్టుకొనును. దేహమందలి యిట్టి త్రాళ్లన్నింటిలో ఇదియే దళసరి, ఇదియే బలవత్తరము. ఆ రెండు కండల పుట్టుచోట్లు వేఱగుటను జ్ఞాపకముంచుకొనుడు. దానితో ముందు పని యున్నది.

సుశ్రుతుడు దేహమందలి స్నాయువులను తొమ్మిది వందలని లెక్కించెను. పలకలను త్రాళ్లతో బిగించి కట్టిన నావ నీటిపై భారము మోయునట్లు, స్నాయువులచే బిగింపబడిన దేహము భారము మోయునని యాయన పోలిక. వానిలో పెద్దవానిని కండరలనెను, అవి పదునాఱు. నేడు మన బడిపుస్తకములలో కండరమనగా మాంసపు కండ. ఈ త్రాటికి స్నాయుబంధనమని పేరు. మాట నిలిచినది, అర్థము జరిగినది. పాత వైద్యగ్రంథములు చదువు యువకులు ఈ తావున పొరబడవలదని యింతగా చెప్పితిని.

ఐరోపావారు దీనికి అకిలీజు పేరు పెట్టిరి. తల్లి యా శిశువును మడమ పట్టుకొని స్టిక్సు నదిలో ముంచెననియు, నీరు తగులని యా మడమయే వానికి మృత్యుస్థానమైనదనియు కథ. ఈ కథ హోమరు ఇలియడులో లేదు. క్రీస్తు తరువాత మొదటి శతాబ్దమునందు స్టేషియసను లాటిను కవి వ్రాతలో నదీస్నానపు ముచ్చట కానవచ్చును. శరీరశాస్త్రమున ఆ పేరు నెక్కించినవాడు వెర్‌హేయెనను వైద్యుడు, సంవత్సరము 1693. మనకు మౌసలపర్వమున జరుడను బోయవాని బాణము శ్రీకృష్ణుని పాదమున నాటుట తెలిసినదే. పురాణములలో కాలి దెబ్బ ఒక్క బాణముతో ముగిసినది. ఆదోని యార్డులో మూటలు మోయువాని కాలు పాడగుటకు రెండు మూడు ప్రత్తి సీజనులు పట్టును.

ఎందులకట్లు పాడగును? ఇచట కొంచెము లెక్క చెప్పనిండు. కాటా కడ్డీని చూచినవారే మీరందఱును. చీలమండ ఆ కడ్డీని వ్రేలాడదీసిన చోటు. మునివ్రేళ్లపై నిలిచినప్పుడు నేల మనలను త్రోయు చోటు చీలమండకు ముందు సుమారు 12 సెంటీమీటర్ల దూరమున నుండును. త్రాడు లాగు చోటు వెనుక సుమారు 5 సెంటీమీటర్లలోనే యున్నది. కనుక 60 కిలోల మనిషి ఒంటికాలి మునివ్రేళ్లపై లేచినచో, ఆ త్రాడు 60 కిలోలు గాక, దానికి రెండున్నర రెట్లకు దగ్గఱగా, సుమారు 145 కిలోల లాగుడు భరింపవలయును. వీపున 50 కిలోల బస్తా వేసికొని లారీకి ఆనించిన బల్లపై ఎక్కునప్పుడు, ఒక్కొక్క యడుగున నా లాగుడు 260 కిలోలను దాటును. పరుగులో ఇంకను హెచ్చు. త్రాడు దీనికై పుట్టినదే. అలవాటుపడిన త్రాడు దీనిని ఏండ్ల తరబడి మోయును. చిక్కెల్లను అలవాటులేని త్రాటిమీద నకస్మాత్తుగా బరువు పడుటలో నున్నది. ఉగాదికి ముందు కర్ణాటకమునుండి మన త్రోవను శ్రీశైలమునకు కాలినడకను పోవు భక్తులను చూచుచున్నాము. ఏడాదియంతయు కొట్టులో కూర్చుండినవారు నాలుగు దినములు నడచి మడమలు పట్టుకొని మన అరుగులమీద చతికిలబడుదురు. పొలముపని చేయువారు నడచిపోవుదురు.

నేను చెప్పదలచినవాడు ఈ సభలోనే యున్నాడు. పేరు చెప్పవలదనెను. మన యూరివాడే. వయస్సు నలువదిరెండు. ఇరువదియేండ్లు ఎమ్మిగనూరిలో గుంటమగ్గము నేసెను. 1938లో మాచాని సోమప్పగారు అచట చేనేత సహకార సంఘమును నెలకొల్పి యెందఱికో బ్రదుకుతెరువు చూపిన సంగతియు, 1954లో వారికి పద్మశ్రీ లభించిన సంగతియు పెద్దలెఱుగుదురు. ఆ దినములు వేఱు. మగ్గము కూడుపెట్టని కాలము వచ్చి, ఇతడు దానిని విడిచి ఆదోని మార్కెట్ యార్డులో హమాలీయయ్యెను. గుంటమగ్గపు నేతగాని కాళ్లు దినమంతయు తొక్కుడు చెక్కలమీద ఆడుచునేయుండును. కాని అతడు కూర్చుండియుండును. దేహభారము త్రాటిమీద పడదు. అట్టి కాలు ఒక్క నెలలో ప్రత్తి మూటలకు దిగినది. మొదటి సీజను గడచెను. రెండవ సీజనున, దసరా దాటిన మూడవ వారమునకు, తెల్లవాఱి మంచము దిగగానే కుడి మడమ మేకు కొట్టినట్లయ్యెనట. పది యడుగులు వేయగా తగ్గును. సాయంకాలమునకు మఱల హెచ్చును. త్రాటి నడుమ చింతగింజంత గడ్డ తేలినది.

ఆ తరువాతి కథ మీకు పరిచితమే. ఒకచోట ఎఱ్ఱగా కాల్చిన కడ్డీతో రెండు వాతలు పెట్టించుకొనెను. వాతల పుండు మానుటకు ఇరువది దినములు పట్టినది, నొప్పి మానలేదు. మఱియొకచోట సూదిమందు వేయించుకొనెను. నెలదినములు హాయిగా నుండి, పిమ్మట మునుపటికంటె హెచ్చయ్యెను. ఇక ఇంట కూర్చుండి రెండు నెలలు కాలు క్రింద పెట్టక విశ్రాంతి తీసికొనెను. నొప్పి పూర్తిగా పోయెను. సంతోషముతో యార్డునకు పోయిన మూడవ నాడే తిరిగివచ్చెను.

ఈ మూడవ సంగతియే నా ప్రసంగమునకు కీలకము. విశ్రాంతి నొప్పిని తీసివేసినది. త్రాటికి బలమీయలేదు, పైపెచ్చు ఉన్న బలమును గూడ కొంత తీసికొనిపోయినది. పనిలేని త్రాడు సడలును. సడలిన త్రాటిపై మునుపటి బరువే పడినను అది దానికి క్రొత్త బరువగును.

పెద్దాసుపత్రిలో నొక వైద్యుడు పరీక్షించి, త్రాడు తెగలేదు, లోపలి పోగులు చెదరి ముదిరినవని చెప్పి, వ్యాయామము చేయించు నిపుణుని కడకు పంపెను. ఆయన ఆంగ్లమున నాలుగు పుటల కాగితమిచ్చెను. అది పట్టుకొని యితడు మా యింటికి వచ్చెను.

"సామీ, నొచ్చేదే మడిమ ఎత్తేటప్పుడు. దాన్నే దినామూ ఎత్తి దించమని రాసినారంట. ఇది మందా, శిక్షా?" అని యడిగెను.

"ఏమప్పా, నీలకంఠేశ్వరుని తిరునాళ్లలో బండలాగుడు చూడలేదా నువ్వు?" అంటిని.

ఎమ్మిగనూరి జాతరలో ఎద్దుల పందెములు ఎట్లు జరుగునో మీకు చెప్పనక్కఱలేదు. పాలపండ్ల కోడెల పందెము వేఱు, రెండు పండ్లవానిది వేఱు, నాలుగు పండ్లవానిది వేఱు, ఆఱు పండ్లవానిది వేఱు. వయస్సు పెరిగిన కొలది బండ బరువు పెరుగును. పాలపండ్ల కోడెకు పెద్ద బండ కట్టిన రైతును మనము మూర్ఖుడందుము. కాని కోడెను కొట్టమున కట్టివేసి మేపుచు, ఆఱు పండ్లు వచ్చినంతనే పెద్ద బండ లాగునని యెదురుచూచు రైతును గూడ మూర్ఖుడనియే యనవలయును. మడమ త్రాడు మంచములో పడుకొన్నంత కాలము పాలపండ్ల కోడెయే. దానికి తగిన బండ కట్టుట, అది లాగినదా లేదా చూచుట, పిమ్మట కొంచెము పెంచుట: వైద్యమింతియే.

ఇది పోలిక మాత్రమే కాదు. త్రాటిలోని జీవకణములు లాగుడును గుర్తించి క్రొత్త పోగులను నేయును. బరువైన వ్యాయామము చేసిన పిదప మొదటి దినమున త్రాటిలో చెడునది హెచ్చు, కట్టబడునది తక్కువ. ఒకటిన్నర దినము గడచిన పిదప కట్టుబడి పైచేయి యగును. బరువు హెచ్చు దినమునకును మఱియొక హెచ్చు దినమునకును నడుమ ఎడమిడవలెననుటకు కారణమిది. ఈ త్రాటికి రక్తప్రసారము స్వల్పము, అందులకే మానుటయు మెల్లన. డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2013లో నొక వింత ప్రచురించిరి. 1955 మొదలు 1963 వఱకు జరిగిన అణుబాంబు పరీక్షల వలన గాలిలో హెచ్చిన ఒక జాతి బొగ్గుపరమాణువును గుర్తుగా పెట్టుకొని, వారు మనుష్యుల మడమ త్రాడుల వయస్సు కనుగొనిరి. త్రాటి నడిమి భాగము సుమారు పదునేడవ యేటివఱకు ఏర్పడి, ఆ పైని ఇంచుమించు మాఱదట. అనగా ఈ సభలోని ముసలివారి మడమలలో వారి బాల్యపు పోగులే నేటికిని ఉన్నవి. ఇట్టిదానిని పది దినములలో బాగుచేసెదమను ప్రకటనలను నమ్మకుడు.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు స్వీడను దేశపు ఆల్ఫ్రెడ్‌సన్. 1998లో ఆయన పదునైదుగురు పరుగుగాండ్రచే మెట్టు అంచున మడమలను క్రిందికి దించు వ్యాయామము పన్నెండు వారములు చేయించి, ఫలితములను ప్రకటించెను. 2015లో డెన్మార్కువారు, వారమునకు మూడు దినములే హెచ్చు బరువుతో మెల్లగా ఎత్తి దించినను ఫలితము సమానమేయని చూపిరి. మన సుశ్రుతుడును బలములో సగము వఱకే వ్యాయామము చేయుమని హద్దు గీసెను. అది ఆరోగ్యవంతునికి చెప్పిన నియమము. చెడిన త్రాటికి నేటివారు క్రమక్రమముగా అంతకు మించిన బరువునే కోరుచున్నారు. ఇందు నేను నేటివారి పక్షమున నిలుతును. లెక్క వారు చూపినారు.

ఇక నోటుపుస్తకము. ఐదు గడులు గీచితిని: తేది, ఎన్నిసారులు, ఎంత బరువు, చేయునప్పటి నొప్పి, మఱునాటి ఉదయపు నొప్పి. నొప్పికి సున్న మొదలు పది వఱకు మార్కులు. ఈ యైదవ గడియే అసలైన నిలువ. చేయునప్పుడు ఐదు మార్కుల వఱకు నొప్పి రావచ్చును, భయము లేదు. మఱునాటి యుదయమునకు అది పాత స్థితికి దిగవలయును. వారము వారమునకు ఉదయపు బిగువు పెరుగరాదు. ఈ మూడు షరతులును నిలిచినచో ముందుకు, తప్పినచో వెనుకకు. ఆ నిపుణుని కాగితములోని సారమంతయు ఇదే.

మొదటి రెండు వారములు కదలిక లేదు. రెండు కాళ్లపై నిలిచి, గోడ పట్టుకొని, మడమలెత్తి 45 సెకనులు నిలుచుట. రెండు నిమిషములు ఆగి మఱల నిలుచుట. ఇట్లు ఐదుసారులు, ఉదయము సాయంకాలము. నేను గడియారము పట్టుకొని కూర్చుండితిని. ఉదయపు నొప్పి ఆఱు నుండి నాలుగునకు దిగెను.

మూడవ వారము నుండి ఐదవది వఱకు రెండు కాళ్లతో ఎత్తుట, దించుట. ఎత్తుటకు మూడు సెకనులు, దించుటకు మూడు సెకనులు. పదునైదుసారులైన పిదప విరామము, అట్లు మూడు వరుసలు. మోకాళ్లు చాచి కొన్ని, వంచి కొన్ని. పిక్కలోని రెండు కండల పుట్టుచోట్లు వేఱని మొదట చెప్పితిని గదా: మోకాలు చాచినప్పుడు రెండును పనిచేయును, వంచినప్పుడు పైది సడలి భారము లోపలి దానిపై పడును. రెండింటికిని పని చెప్పవలయును. కుర్చీలో కూర్చుండి మోకాళ్లపై బియ్యపు మూట పెట్టుకొని మడమలెత్తుటయు ఆ రెండవ దానికే.

ఆఱవ వారమున ఈ గ్రంథాలయపు వాకిటి మెట్టు పనికివచ్చినది. ముందరి పాదము మాత్రము మెట్టు అంచున నుంచి, స్తంభము పట్టుకొని, రెండు కాళ్లతో పైకి లేచి, మంచి కాలు తీసివేసి, నొప్పికాలి మడమను మెల్లగా మెట్టుకంటె దిగువకు దించవలయును. లేచునప్పుడు మఱల రెండు కాళ్లు. మోకాలు చాచి మూడు పదునైదులు, వంచి మూడు పదునైదులు, దినమునకు రెండు మాఱులు: వెఱసి 180. పత్రికలు చదువ వచ్చినవారు మొదట నవ్విరి; తరువాత వారే లెక్కపెట్టిరి. నొప్పి లేక 180 చేయగలిగినప్పుడు వీపున సంచిలో 5 కిలోల యిసుక వేసితిమి.

ఏడవ వారములో పుస్తకమున ఎఱ్ఱసిరాతో వ్రాసిన పుట కలదు. ప్రత్తి ధర హెచ్చిన దినములవి. యార్డులో మనుష్యులు చాలక పిలుపు వచ్చెను. ఇంట బియ్యము నిండుకొనియుండెను. ఇతడు పోయి ఒక్కనాడు మూడు లారీలు నింపివచ్చెను. మఱునాటి యుదయపు గడిలో 7. ఆ దినపు కూలి అతనికి అవసరమైనది. దానిని నేను తప్పుగా వ్రాయలేదు. ఖర్చుగా వ్రాసితిని. ఒక వారము వెనుకటి మెట్టునకు దిగి, రెండు కాళ్ల వ్యాయామముతో మఱల మొదలిడెను. పదవ దినమునకు నొప్పి మూడైనది. ఇట్టి యెదురుదెబ్బలో పలువురు "ఇది మనకు పడదు" అని మానివేయుదురు. లెక్క యెదుట నుండుట వలన అతనికి కారణము కండ్లకు కనబడినది: ఒక్కనాటి బరువు మిగిలిన వారమంతటి బరువుకంటె ఎన్ని రెట్లో మేము కూడి చూచితిమి.

కూలి లేక ఆఱు నెలలు ఎట్లు గడచెనని మీరడుగవచ్చును. హమాలీకి నెలజీతము లేదు. ఎత్తిన మూటకే డబ్బు. "కూసుంటే కూడెట్ల సామీ" అను ప్రశ్నకు ఏ వైద్యుని కాగితమందును జవాబు లేదు. ఇతని మేస్త్రీ మంచివాడగుటచే, మోతపని మాన్పించి బస్తాల మూతులు కుట్టు పనిలో పెట్టెను. నేతగాని వ్రేళ్లు గదా, ఆ పనిలో అతనికి సాటి లేకపోయెను. కూలి తక్కువ, సున్న గాదు. ఇంటి యిల్లాలు కూలికి పోయినది. మోతవానికి మడమ చెడినప్పుడు, వానిని ఇంటికి పంపక, నిలువకుండ చేయదగిన పనిలో పెట్టుట మేస్త్రీలందఱికిని సాధ్యమే. మన సంఘపు గోదామునకు గూడ ఈ మాట వర్తించునని నేను సభాముఖముననే చెప్పుచున్నాను.

పదవ వారము మొదలు పద్ధతి మాఱినది. వారమునకు మూడు దినములే. కాని బరువు హెచ్చు. పదునైదుసారులకు మించి ఎత్తలేనంత బరువుతో మొదలిడి, కొన్ని వారములకు పండ్రెండు, పిమ్మట పది, ఎనిమిది, తుదకు ఆఱుసారులే ఎత్తగల బరువు వఱకు పోవుట. సంఖ్య తగ్గుచుండును, ఇసుక పెరుగుచుండును. 5 కిలోలతో మొదలైన సంచి తుదకు 30 కిలోలైనది. ప్రతి యాదివారము మేమొక పరీక్ష పెట్టుకొంటిమి: బరువు లేక ఒంటికాలిమీద మడమ ఎన్నిసారు లెత్తగలడు? ఆఱవ వారమున కుడికాలు 4, ఎడమ 21. పండ్రెండవ వారమున కుడి 11. ఇరువదిరెండవ వారమున కుడి 19, ఎడమ 24. ఎడమకాలు గూడ పెరుగుట చూచితిరా? మంచికాలికిని పని చెప్పినాము.

చివరి మెట్టు గంతులు. త్రాడు మెల్లని బరువునకు ఓర్చుట వేఱు, తటాలున పడు బరువునకు ఓర్చుట వేఱు. పిల్లలతో త్రాడాట ఆడించితిమి. మొదట రెండు కాళ్లతో ఇరువది గంతులు, పిమ్మట ఒంటికాలితో. తరువాత 25 కిలోల బస్తాతో సమమైన నేలమీద నడక, ఆ పైని బల్లమీద నడక, తుదకు 50 కిలోలు. ఇరువదినాలుగవ వారమున అతడు మోతపనికి మరలెను. నేటికిని వారమునకు రెండు దినములు మెట్టుమీద మడమ దించుచునేయున్నాడు. చలి యుదయములలో కొంచెము బిగువు కలదనియు, పది యడుగులలో పోవుననియు చెప్పుచున్నాడు. చింతగింజ గడ్డ పూర్తిగా కరగలేదు.

కొన్ని హెచ్చరికలు చెప్పి ముగించెదను. వీనిలో మొదటిది ముఖ్యము. నే నింతవఱకు చెప్పినది త్రాడు అరిగి నొచ్చినవారి సంగతి. త్రాడు తెగినవారిది వేఱు. గంతులో, పరుగులో వెనుకనుండి ఎవరో తన్నినట్లు తోచి, టప్పున చప్పుడై, ఆ కాలి మునివ్రేళ్లపై లేవలేకపోయినచో, నాడే ఆసుపత్రికి పోవలయును. బోర్లపడుకొనబెట్టి పిక్కను పిసికినప్పుడు పాదము కదలనిచో త్రాడు తెగినట్లే యని వైద్యులు నిర్ణయింతురు. తెగినదానికి కొందఱికి శస్త్రచికిత్స, కొందఱికి మునివ్రేళ్లు క్రిందికి వంచి కట్టిన పట్టీయో బూటో. నార్వేలో 526 మందితో చేసి 2022లో ప్రకటించిన పరీక్షలో, ఏడాది పిదప కాలి పనితనము ఇరు తెగల వారికిని సమానముగనే యుండెను. మఱల తెగుట మాత్రము శస్త్రచికిత్స లేనివారిలో హెచ్చు. ఏ దారిని పోయినను తరువాతి మెట్లు ఇవియే, కాలము హెచ్చు. క్రికెట్టు బౌలరు మహమ్మద్ షమీకి 2024 ఫిబ్రవరిలో లండనులో ఈ త్రాటికే శస్త్రచికిత్స జరిగినది. ఆయన రంజీ మ్యాచిలో మఱల బంతి వేసినది ఆ నవంబరులో. భారత జట్టులో ఆడినది 2025 జనవరిలో. తరువాతనే హైదరాబాదు సన్‌రైజర్స్ పక్షమున మనము చూచితిమి. ఎందఱో నిపుణులు చుట్టునుండిన ఆటగానికే అంత కాలము పట్టగా, మనవారు నెలకే కట్టు విప్పుమని తొందరించుట తగదు.

నొప్పి త్రాటి నడుమ గాక మడమ యెముక నంటుచోట నున్నచో మెట్టు అంచున దిగువకు దించరాదు. సమమైన నేలమీదనే చేయవలయును. దిగువకు దించినప్పుడు త్రాడు ఎముకకు ఒత్తుకొని నొప్పి పెరుగును.

టైఫాయిడు, మూత్రవ్యాధులు మున్నగువానికి ఇచ్చు సిప్రోఫ్లాక్ససిన్ జాతి మాత్రలు కొందఱిలో ఈ త్రాటిని చెఱచి తెగునట్లు చేయును. ముదుసలులలోను, స్టెరాయిడు మందులు వాడువారిలోను హెచ్చు. 2008లోనే అమెరికా మందుల శాఖ వానిపై గట్టి హెచ్చరిక వేయించినది. ఆ మాత్రలు వాడుచుండగా మడమ వెనుక నొప్పి పుట్టినచో తక్షణమే వైద్యునికి చెప్పవలయును. త్రాటిలోనికే స్టెరాయిడు సూది వేయించుకొనుటయు ప్రమాదమే. చక్కెరవ్యాధి గలవారికి త్రాడు త్వరగా చెడును, మెల్లగా మానును. రెండు మడమల త్రాళ్లలోను గడ్డలు తేలినవారు రక్తములోని కొలెస్టరాలు పరీక్ష చేయించుకొనవలయును. కొన్ని కుటుంబములలో వంశపారంపర్యముగా వచ్చు కొవ్వు జబ్బునకు అది గుర్తు.

ఆ నోటుపుస్తకమును యజమాని యనుమతితో గ్రంథాలయమునకు ఇచ్చితిని. మూడవ బీరువా క్రింది యరలో నున్నది. నాలుగు పుటల ఆంగ్ల కాగితమునకు నేను చేసిన తెలుగు కూడ అందే కుట్టియున్నది. గడులు గీచిన ఖాళీ పుటలు ఇరువది మిగిలినవి, కావలసినవారు వ్రాసికొనవచ్చును. వాకిటి మెట్టు అంచున సిమెంటు కొంచెము రాలినది. దానిని ఈ నెలలో బాగుచేయించెదమని కార్యదర్శిగారు చెప్పియున్నారు. అందాక ఎడమవైపు అంచున నిలువవలయును.